పుస్తకం చివర రెండు తెల్ల కాగితాలు

నలభై ఏళ్లకు పైగా ఒక కాగితాన్ని దాచుకొని బతుకుతున్నాను. తూకం వేస్తే తమలపాకంత కూడా తూగదు. అయినా ఇల్లు మారిన ప్రతిసారీ ముందు దాన్ని తీసి జేబులో పెట్టుకున్నాకే బట్టలూ గిన్నెలూ సర్దుకున్నాను. దాని మీద ఏముందో నా భార్యకు తెలియదు. పిల్లలకు తెలియదు. మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నాను. నా పేరు మాత్రం అడగకండి. పేరు చెప్పుకునేంత దమ్ము నాలో ఉంటే ఆనాడే ఆ మనిషి ముందు నిలబడి చెప్పి ఉండేవాణ్ని.

జాలి మాత్రం పడకండి. జాలిపడే పాఠకులంటే నాకు మొదటి నుంచీ ఒళ్లు మంట.

వరంగల్ కాశిబుగ్గలో నాకు కిరాయి పుస్తకాల దుకాణం ఉండేది. మా నాయనది కిరాణం. ఆయన కొట్టు పక్కన మిరపకాయల బస్తాలు పెట్టే గది ఒకటి ఖాళీ చేయించుకొని, నాలుగు చెక్క బీరువాలు కొట్టించి, డెబ్బైల నడుమ మొదలుపెట్టాను. ఆ పుస్తకాలకు మిరప ఘాటు చివరిదాకా వదల్లేదు. తుమ్ముకుంటూ ప్రేమ నవలలు చదివిన జనం మా జనం. అంత ప్రేమ వాళ్లకు సాహిత్యం మీద!

సాహిత్యమా? ఏడ్చినట్టే ఉంది. వాళ్లకు కావలసినవి రెండే రెండు. హీరో ఎత్తుగా ఉండాలి, హీరోయిన్ మంచిదై ఉండాలి. ఆమె ఎన్ని కష్టాలొచ్చినా పల్లెత్తు మాట అనకూడదు. చీర రంగు మాత్రం ప్రతి అధ్యాయంలో చెప్పాలి. పుస్తకం తిరిగిచ్చేటప్పుడు ఒక్కొక్కరూ బల్ల మీద మోచేతులు ఆనించి తీర్పులు చెప్పేవాళ్లు. "హీరోయిన్ మస్తు మంచిది సేటూ, పాపం." ఆ పాపం అనే మాట వినీ వినీ నాకు చిరాకెత్తేది. ఎవరైనా కాస్త కోపిష్టి ఆడమనిషి కథలో వచ్చిందా, పుస్తకం సగంలోనే వాపస్. పెళ్లిచూపులకు వచ్చినట్టు వచ్చేవాళ్లు నవల దగ్గరికి. పిల్ల నచ్చిందా లేదా, అంతే.

చదువుకున్న వాళ్లు వీళ్ల కన్నా మెరుగనుకుంటున్నారా? హన్మకొండ నుంచి సైకిల్ మీద ఒక లెక్చరర్ వచ్చేవాడు. బల్ల దగ్గర నిలబడి అరగంట సేపు శైలి గురించి చెప్పేవాడు. వాక్యం నడక, పదాల ఎంపిక, ధ్వని. అంతా అయ్యాక అటూ ఇటూ చూసి ఒక డిటెక్టివ్ నవల తీసుకొని, పేపర్లో చుట్టుకొని, క్యారియర్‌కు బిగించుకొని పోయేవాడు. వాడి మాటలు నాకు వేదం. ఎందుకంటే నేనూ వాడి జాతే. నవలకు ప్రాణం శైలి అని నేనూ నమ్మేవాణ్ని, కాదు, నమ్ముతున్నట్టు నాకు నేను చెప్పుకునేవాణ్ని, ఎందుకంటే నేనొక నవల రాసి ఉన్నాను, ఆ నవలలో శైలి తప్ప మరేమీ లేదు.

అవును, నవల. సొంత ఖర్చుతో అచ్చు వేయించాను. మొదటి పదకొండు పేజీలు వెన్నెల. తర్వాత ఒకమ్మాయి కిటికీ లోంచి ఆ వెన్నెలను చూస్తుంది. రెండో అధ్యాయంలో కూడా చూస్తూనే ఉంటుంది. అంతకు ముందు దాన్ని ఒక వారపత్రిక నవలల పోటీకి పంపితే, పోస్టులో వేసిన కట్ట వేసినట్టే వాపస్ వచ్చింది. విప్పినట్టు కూడా లేదు.

ఇక్కడ మా దుకాణపు అలవాటు ఒకటి చెప్పాలి. అది తెలియకపోతే నేను చేసింది మీకు అర్థం కాదు.

కిరాయి పుస్తకానికి ఆయుష్షు తక్కువ. అందుకని కొనగానే అట్ట ఊడదీసి, గట్టిగా కుట్టించి, కొత్త అట్ట వేయిస్తాం. వారపత్రికల్లో వచ్చే సీరియళ్లను కూడా వారం వారం చింపి దాచి, పూర్తయ్యాక ఒక్క పుస్తకంగా కుట్టిస్తాం. కుట్టేటప్పుడు చివర రెండు తెల్ల కాగితాలు కలుపుతారు, అట్టకు బలం ఉంటుందని. మా జనం వాటి మీద రాసేవాళ్లు. పుస్తకం చదివి, చివరి తెల్ల పేజీలో తమ తీర్పు గీకి ఇచ్చేవాళ్లు. "సూపర్." "ఏడ్చిన." "పైసలు దండుగ." "రాజు సచ్చిపోవుడు బాగలేదు." కొత్తగా తీసుకునేవాళ్లు పుస్తకం పేరు చూసేవాళ్లు కాదు, రచయిత పేరు చూసేవాళ్లు కాదు. పుస్తకం వెనక్కి తిప్పి ఆ పేజీ చదివి, నచ్చితే తీసుకునేవాళ్లు. నన్నడిగితే చెప్పనా? అడగరు. పేరు రాయని మనిషి రాతే వాళ్లకు నమ్మకం.

నా నవల చివరి పేజీ మూడేళ్లు తెల్లగానే ఉంది. తిట్టినవాడు కూడా లేడు. ఒక్కసారి మాత్రం తిరిగొచ్చిన కాపీలో ఏవో అక్షరాలు కనిపించి గబగబా వెలుతురులోకి తెచ్చి చదివాను. సబ్బు ఒకటి, అగ్గిపెట్టె, పావుకిలో చింతపండు, పోపుగింజలు. ఎవరో సామాన్ల చిట్టీ రాసుకున్నారు. ఆ సామాను మా నాయన కొట్లోనే కొని ఉంటారు కూడా.

నవ్వొచ్చిందా? నవ్వండి. అప్పుడు నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది.

మా పుస్తకాలు కుట్టేది సుగుణ. కాశిబుగ్గలోనే, మగ్గాల వీధిలో ఇల్లు. భర్త నేస్తాడు, ఆమె నూలు కండెలు చుడుతుంది, మిగిలిన టైములో నాకు బైండింగు చేసి పెడుతుంది. దారం పట్టుకున్న చెయ్యి కదా, ఆమె కుట్టిన పుస్తకం రెండు వందల ఇళ్లు తిరిగొచ్చినా ఒక్క పేజీ ఊడేది కాదు. ఎనిమిదో తరగతి దాకా చదివింది. నన్ను అన్నా అనేది, నేను చెల్లె అనేవాణ్ని. ప్రతి శనివారం పొద్దున కుట్టిన పుస్తకాలు తెచ్చి, కుట్టాల్సినవి మూట కట్టుకొని పోయేది. కుట్టేముందు అన్నీ చదివేదట. ఆ సంగతి నాకు చాలా రోజులు తెలియదు. ఎందుకు తెలుస్తుంది? పుస్తకాల గురించి ఆమెను నేనెప్పుడూ ఏమీ అడగలేదు.

ఒక శనివారం మూట విప్పి అన్నిటికంటే అడుగున ఉన్న పుస్తకం తీసి నా ముందు పెట్టింది. నాలుగు పొడుగు నోట్‌బుక్కులు కలిపి కుట్టింది. మంచి అట్ట. పైన పేరేమీ లేదు.

"అన్నా, ఇది నేను రాసిన. నవ్వకు," అన్నది.

నవ్వలేదు. నవ్వు లోపలే దాచుకున్నాను. ఆమె సంగతి వివరంగా చెప్పింది. అదే వారపత్రిక మళ్లీ నవలల పోటీ పెట్టింది. దసరా పోయిన పది రోజులకు గడువు. పంపాలా వద్దా తేల్చుకోలేకపోతున్నది. ఉన్నది ఈ ఒక్క ప్రతి. ఎవరు రాశారో చెప్పకుండా, దసరా దాకా మిగతా పుస్తకాల్లాగే కిరాయికి తిప్పమన్నది, అప్పటిదాకా తాను తెరిచి చూడనన్నది. చివరి పేజీలో జనం మంచిగుందని రాస్తే పంపుతుంది. లేకపోతే లేదు.

నేను చదివి చెబుతానన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది. "నువ్వు నా మొకం జూసి చెప్తవన్నా. ఆఖరి పేజీల రాసేటోళ్లకు నా మొకం ఎరుకలేదు," అన్నది.

ఆ మధ్యాహ్నం బేరం లేని సమయంలో, కాస్త నవ్వుకుందామని, తెరిచాను.

ఎలా చెప్పను మీకు? నర్సవ్వ అనే ముసలామె కథ అది. నేతగాడి పెళ్లాం, మొగుడు పోయాడు. నోరు విప్పితే బూతు. బియ్యం డబ్బాకు తాళం వేసి తాళంచెవి మొలకు కట్టుకుంటుంది. కోడలికి మాడిన అన్నం పెట్టి తాను మంచిది తింటుంది. పెద్దకొడుకు దవాఖానలో పడి ఉంటే ఒక్కరోజు వెళ్లి చూడదు, మగ్గం మీద చీర సగంలో ఉందని. ఎక్కడా ఆమెను వెనకేసుకొచ్చే మాట లేదు. పాపం అనే మాట మూడు వందల పేజీల్లో ఒక్కసారి లేదు. ఆ వాక్యాలేమో ఎవరో ఎదురుగా కూర్చుని చెబుతున్నట్టు, ఇంత ఇంత ముక్కలు. "చీర దిగింది. కొడుకు లేడు. ఆకలైంది. తిన్నది." కొడుకు చచ్చిపోయిన అధ్యాయం అలా ముగిసింది. వెన్నెల లేదు, వాన లేదు, ఏడుపు లేదు. తిన్నది, అంతే.

తల ఎత్తి చూసేసరికి బల్లకు అవతల ఇద్దరు నిలబడి ఉన్నారు. ఎంతసేపటి నుంచి పిలుస్తున్నారో.

ఇక్కడ నేను మెల్లగా రాయాలి. ఆ పుస్తకం మూసిన క్షణంలో నాకు ఏమనిపించింది? మంచి నవల అనిపించింది. అబద్ధమెందుకు, నేను అంతకు ముందు చదివినవాటిలో ఏదీ దాని కాలిగోటికి సరిపోదనిపించింది. ఆ వెంటనే, ఊపిరి తీసుకునేంత సందు కూడా లేకుండా, కడుపు మండింది. కండెలు చుట్టుకునే మనిషి! పుస్తకాలు కుట్టడానికి నా గడప ముందు నిలబడే మనిషి! ఏ లెక్చరర్ మాటా వినకుండా, శైలి అంటే ఏమిటో తెలియకుండా, తన వీధి భాషలో తనకు తెలిసిన ఒక రాక్షసిని నాలుగు నోట్‌బుక్కుల్లో కూర్చోబెట్టింది, అది లేచి నన్నే చూస్తున్నది. మరి నేను? వెన్నెలకు పదకొండు పేజీలు.

ఇంకొకటి కూడా ఉంది, అదే అసలైన కుళ్లేమో. ఈ జనం దీన్ని ఎలాగూ ఇష్టపడరని నా ధీమా. నర్సవ్వలో ఇష్టపడడానికి ఏముంది? రెండు పేజీలకే విసిరికొడతారు. మరి అలాంటప్పుడు ఊరికే ఉండొచ్చు కదా నేను? ఆ పని వాళ్లకే వదిలేయొచ్చు కదా? వదల్లేదు. ఎందుకు వదల్లేదు? వాళ్లకు నచ్చుతుందేమోనని భయం. నేను పురుగుల్లా చూసే మనుషులకు నేను రాయలేనిది నచ్చితే, నేనింక ఎవరి మీద ఎక్కి కూర్చోవాలి?

బీరువా చాటుకు పోయి, కథ అయిపోగానే వచ్చే మొదటి తెల్ల కాగితం తెరిచి, ఎడమ చేత్తో రాశాను.

నీలం ఇంకుతో ఒకటి: బోర్. హీరోయిన్ అసలు బాగాలేదు. ఆకుపచ్చ రీఫిల్‌తో ఇంకొకటి: ఇలాంటి తల్లి లోకంలో ఎక్కడైనా ఉంటుందా, రాసినవారికి సిగ్గుండాలి. పెన్సిల్‌తో మూడోది, అక్షరాలు బాగా పెద్దవి చేసి, మిగిలిన జాగా అంతా నింపుతూ: శైలి లేదు. ఎవరూ చదవకండి. టైం వేస్ట్. వెనక వైపు కూడా అడ్డంగా రెండు గీతలు కొట్టి చదవకండి, చదవకండి అని నింపాను. వేరే ఎవరికీ చోటు మిగలకూడదని.

ఆ మూర్ఖుల గొంతు పెట్టడం ఎంత సులువైందో! ఒక్క అక్షరం కొట్టివేత లేదు. సొంత నవలలో ఒక్కో వాక్యానికి వారం రోజులు కుస్తీ పట్టిన మనిషిని. అప్పుడు తట్టలేదు గానీ తర్వాత తట్టింది, అంత సులువుగా వచ్చిందంటే ఆ గొంతు వాళ్లది కాదు, నాదే.

పుస్తకాన్ని బీరువాలో పెట్టాను. ఎవరూ తీసుకోరనుకున్నాను. చివరి పేజీ చూసి పెట్టేస్తారనుకున్నాను. నా ఖర్మ, చదవకండి అని అన్నిసార్లు రాసి ఉన్న పుస్తకం ఇంకెక్కడా లేదు. మొదటి రోజే కిరాయికి పోయింది. వాపస్ రాగానే ఇంకొకరు. చేతిరాత పుస్తకమట, తిట్ల ముసలిదట అని ఒకరికొకరు చెప్పుకొని వచ్చి మరీ అడిగారు. మరిపెడ బస్సు కండక్టర్ ఒకడు తీసుకుపోయి నాలుగు రోజులు ఇవ్వలేదు, వాళ్లమ్మకు చదివి వినిపిస్తున్నాడట. ప్రతిసారీ నేను రాసిన కాగితం తిప్పి చూసేవాణ్ని. నా మూడు రాతలు అలాగే ఉన్నాయి. ఎవరూ ఏమీ కలపలేదు. హమ్మయ్య అనుకున్నాను.

రెండో తెల్ల కాగితం సంగతి మర్చిపోయాను.

దసరా వెళ్లింది. సుగుణ రేపు శనివారం వస్తుందనగా, పుస్తకం తీసి దుమ్ము దులుపుతుంటే అట్టకు అంటుకున్నట్టున్న ఆ రెండో కాగితం విడివడింది. నిండా అక్షరాలు. పదకొండు మంది రాశారు. లెక్కపెట్టాను.

మొదటిది గుండ్రటి అక్షరాలు, ఆడపిల్లవే అయి ఉంటాయి. "ముందు కాగితం మీద రాసినవాడెవడో గాడిద. వాడికి తల్లి లేదా?" దాని కింద ఇంకెవరో, "గాడిద అన్న మాటకు నేను కూడా ఒప్పుకుంటున్నా." ఆ తర్వాత, "నర్సవ్వకు కోపం ఎక్కువ కని అబద్ధం లేదు." ఒకరు, "ఇది రాసింది ఎవరు సేటూ, ఇంకో పుస్తకం ఉంటే నాకు తీసిపెట్టు." ఇలా కిందిదాకా. ఒకటి మాత్రం పెన్సిల్‌తో, వణుకుతున్న అక్షరాలతో ఉంది. "మా అత్త గిట్లనే ఉండె. సచ్చిపోయి రెండేండ్లాయె. ఆమె బతికుండంగ ఒక్కనాడు పక్కన కూసోలె. ఈ బుక్కు సదివినంక కూసోవాల్నని ఉన్నది."

చూశారా? వీళ్లే. చీర రంగు అడిగేవాళ్లు. పాపం పాపం అనేవాళ్లు. మంచి మనిషి కావాలని నా ప్రాణం తోడేసినవాళ్లు. ఇష్టపడడం వాళ్లకు కావలసింది కాదు. ఎవరి పక్కన కూర్చోలేకపోయారో వాళ్ల పక్కన కాసేపు కూర్చోవడం కావాలి. దానికి మంచి పుస్తకం దొరక్క మంచి హీరోయిన్‌తో సరిపెట్టుకున్నారు. నేను అన్నేళ్లు బల్ల వెనక కూర్చుని వాళ్ల చేతికి ఏం ఇచ్చానో అదే వాళ్లు తిన్నారు, తిన్నందుకు వాళ్లనే ఛీ అన్నాను.

ఇదంతా ఇప్పటి తెలివి. ఆ పూట మాత్రం గాడిద అన్న మాట ఒక్కటే కనపడింది నాకు. ఒళ్లంతా మండిపోయింది. గడ్డం గీసుకునే బ్లేడు తెచ్చి ఆ కాగితాన్ని కుట్టు దగ్గరగా కోశాను. అంచు కనపడకుండా కోశాననుకున్నాను. చించి పారేద్దామనుకున్నాను కూడా. ఎందుకు చించలేదో తెలియదు. మడిచి జేబులో పెట్టుకున్నాను.

మర్నాడు పొద్దున సుగుణ వచ్చింది. కొత్త చీర కట్టుకొని వచ్చింది. ఆ సంగతి నాకు బాగా గుర్తు. మూట కింద పెట్టనైనా పెట్టకుండా పుస్తకం అందుకొని వెనక్కి తిప్పింది. రాతలు చదవకముందే ఆమె బొటనవేలు కుట్టు వెంబడి పైనుంచి కిందికి పోయింది.

"రెండు కాయితాలు కుట్టిన గదన్నా. ఒక్కటే ఉన్నదేంది?"

"ఎవడో చింపుకపోయిండు చెల్లె. పొట్లం కట్టుకోనీకో ఏందో. మనోళ్ల సంగతి నీకెరుక లేదా?"

 చదివింది. రెండు వైపులా చదివింది. మళ్లీ మొదటి వైపు చదివింది.

"అందరు గిట్లనే అన్నరా?"

"రాసినోళ్లు గింతే. రాయనోళ్లు సగంల వాపస్ ఇచ్చిన్రు."

"సదివేటోళ్లకు ఏం గావాలె మరి? నువ్వు చెప్పన్నా, గిన్నేండ్ల సంది సూస్తానవ్ గద."

అప్పుడన్నా చెప్పి ఉండాల్సింది. కాగితం జేబులోనే ఉంది. తీసి చేతిలో పెడితే అయిపోయేది. నేను మాత్రం పెద్దమనిషిలా గొంతు సవరించుకున్నాను.

"మంచోళ్లు గావాలె చెల్లె. సదివేటోడు ఇష్టపడెటట్టు ఉండాలె మనిషి. నీ నర్సవ్వను ఎవడు ఇష్టపడ్తడు చెప్పు? ఇగ భాషంటవా, జర శైలి ఉండాలె. గిట్ల ఇంట్ల మాట్లాడినట్టు రాస్తె అదేం నవల?"

ఆమె పుస్తకం మూసి చంకన పెట్టుకున్నది.

"నర్సవ్వ మా అమ్మనే," అన్నది. మళ్లీ తనే, "నాకు సుత ఆమె మీద ఇష్టం లేకుండె. రాస్తాంటె రాస్తాంటె, జర సమజైందన్నా."

"సమజైంది గద, సాలు తియ్యి," అన్నాను నేను. "ఇగ పోటీలెందుకు? ఫికర్ చెయ్యకు. కుట్టేటియి మస్తున్నయి ఈ వారం."

అదండీ నేను అన్న మాట. కన్నతల్లిని ఒక మనిషి తెచ్చి నా బల్ల మీద పెడితే, నేను కుట్టాల్సిన పుస్తకాల మూట చేతికిచ్చాను. ఆమె ఆ మూట తీసుకొని, దాని మీద తన పుస్తకం పెట్టుకొని వెళ్లిపోయింది. గడువు దాటిపోయింది. పోటీలో ఎవరికో బహుమతి వచ్చింది. ఆ నవల నేనే కొని తెప్పించి కిరాయికి తిప్పాను. హీరోయిన్ చాలా మంచిది.

సుగుణ ఆ తర్వాత కూడా ఐదారేళ్లు నాకు పుస్తకాలు కుట్టింది. అదే చెయ్యి, అదే గట్టి కుట్టు. అన్నా అనే పిలుపు కూడా మారలేదు. ఒక్కటే మారింది. ఆ రోజు నుంచి ఏ పుస్తకానికీ చివర తెల్ల కాగితం కుట్టలేదు. కథ అయిపోగానే అట్ట. జనం రాసుకునే చోటు లేక విసుక్కున్నారు. నేను అడిగాను ఒకసారి. "కాయితం లేకున్నా అట్ట నిలుస్తదన్నా," అన్నది, నా మొహం చూడకుండా. ఆమెకు తెలుసా? కోసిన అంచు ఆమె వేలికి తగిలిందా? నలభై ఏళ్లుగా ఇదే ప్రశ్న. తెలిసి కూడా ఊరుకుందనుకుంటే ఒక రకంగా చస్తాను. తెలియక నా మాట నమ్మిందనుకుంటే ఇంకో రకంగా చస్తాను. ఏది నిజమైనా నాకు కలిసొచ్చేదేమీ లేదు.

మగ్గాలకు పని తగ్గి వీధి సగం ఖాళీ అవుతున్న రోజుల్లో వాళ్లూ మరమగ్గాల పనికి భివండీ వెళ్లిపోయారు. వెళ్లే ముందు చెప్పడానికి వచ్చింది. అక్కడి అడ్రసు అడగాలని నోటిదాకా వచ్చింది. జాగ్రత్త చెల్లె అని మాత్రం అన్నాను. పిరికి వెధవకు అంతకన్నా ఏం చేతనవుతుంది?

వాళ్లు వెళ్లిన ఆరు నెలలకు కాబోలు, ఒకాయన లావుపాటి ప్రేమ నవల ఒకటి తెచ్చి బల్ల మీద పడేశాడు. వెన్ను ఊడిపోయింది, నావల్ల కాదు సుమా అన్నాడు. పుస్తకం వెన్నుకు బట్ట వేసేముందు లోపల పాత కాగితం పట్టీలు అంటిస్తారు, కుట్టు కదలకుండా. ఆ పట్టీ బయటికి వేలాడుతున్నది. దాని మీద చేతిరాత. నాకు తెలిసిన చేతిరాత. "ఆకలైంది. తిన్నది."

దుకాణం మూసేశాను ఆ పూట. ఇంకో పుస్తకం వెన్ను చీల్చాను. అందులోనూ ఉంది. ఇంకొకటి, ఇంకొకటి. నాలుగు నోట్‌బుక్కులనూ వేలెడంత వెడల్పు పట్టీలుగా కోసి, ఆ ఐదారేళ్లలో కుట్టిన ప్రతి పుస్తకం వెన్నులో అంటించిపెట్టింది. ఎత్తయిన హీరోలూ చీరల రంగులూ పాపం పాపం హీరోయిన్లూ ఊడిపోకుండా అన్నేళ్లు పట్టుకొని ఉన్నది నర్సవ్వే. నేను నీళ్లతో తడిపి ఆ పట్టీలను ఊడదీస్తూ కూర్చున్నాను. సగం పుస్తకాలు పాడయ్యాయి. పట్టీలు చాలావరకు చిరిగిపోయాయి, అక్షరాలు బంకలో కరిగిపోయాయి. ఒక్క పేజీ కూడా పూర్తిగా అతకలేదు. "తాళంచెవి" అని ఒక ముక్క, "దవాఖాన తొవ్వ" అని ఒక ముక్క. అంతే మిగిలింది.

కొన్నాళ్లకు ఇంటింటికీ టీవీలు వచ్చాయి, వీడియో క్యాసెట్లు వచ్చాయి, దుకాణం మూతపడింది. దానికి నేనేమీ ఏడవలేదు. నా వెన్నెల నవల కాపీలు మా నాయన కొట్లో పొట్లాలకు పనికొచ్చాయి.

ఇప్పుడు ఆ కాగితం నా ముందుంది. మడతల దగ్గర చిరుగుతున్నది, పెన్సిల్ అక్షరాలు వెలిసిపోతున్నాయి. సుగుణ ఎక్కడుందో తెలియదు, ఉందో లేదో కూడా తెలియదు. ఈ కాగితం ఆమెది. పదకొండు మంది ఆమెకు రాసిన ఉత్తరం ఇది, నేను మధ్యలో దొంగిలించాను. క్షమించమని మిమ్మల్ని అడగను. క్షమించడానికి మీరెవరు? నేను మాత్రం ఎవరినని అడగడానికి?

పదకొండో రాత కింద వేలెడంత జాగా మిగిలి ఉంది. ఇన్నేళ్లూ అలాగే ఉంది. ఇందాక ఇదంతా రాయడం అయిపోయాక, కలం మార్చకుండా, కుడిచేత్తో, నా మామూలు అక్షరాలతో అక్కడ ఒక్క ముక్క రాశాను.  

ఆ గాడిదను నేనే.